రేపు మాస్టరు చేతిలో తాబేలుపిల్ల

ఆ వీధి దర్జీకి కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన రేపు మాస్టరు. బట్ట ఇచ్చినవాళ్ళు ఎప్పుడొచ్చినా కత్తెర కింద పెట్టకుండా, తల పైకెత్తకుండా "రేపు రండి" అంటాడు. పోనీ పని రాదా అంటే, అంత పనిమంతుడు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన కుట్టిన కోటు తొడుక్కుంటే బానపొట్ట కూడా బుద్ధిగా లోపలికి సర్దుకుంటుంది. అందుకే జనం తిట్టుకుంటూనే తిరుగుతారు. చలికాలానికని ఇచ్చిన కోటు నడివేసవిలో చేతికొస్తే, "మళ్ళీ చలికాలం రాకుండా పోతుందా?" అని ఎదుటివాడినే ఓదార్చి పంపే రకం ఆయన.

అలాంటి మనిషి దుకాణానికి ఒక ఉదయం మనవరాలు ప్లాస్టిక్ తొట్టి పట్టుకుని వచ్చింది. తొట్టిలో అగ్గిపెట్టెంత తాబేలుపిల్ల. పేరు బొత్తాం. తెచ్చిన రోజున కోటు బొత్తామంతే ఉండేదట, అందుకని ఆ పేరు. మనవరాలి తల్లికి వేరే ఊళ్ళో నలభై రోజుల ఆఫీసు శిక్షణ. సెలవులు కాబట్టి పిల్ల కూడా వెంట వెళ్తోంది. తాబేలుకు మాత్రం అక్కడి హాస్టల్లో చోటు లేదన్నారు.

"తాతయ్యా, దీని చిప్ప మెత్తగా ఉంది. గట్టిపడకపోతే బతకదని డాక్టరుగారు చెప్పారు," అంది పిల్ల. ఆ మాట అంటూ తొట్టిని ఇంకా దగ్గరికి హత్తుకుంది. "రోజూ ఎండ చూపించాలి. ఆకుకూరలు తినిపించాలి. ఇదిగో, ఈ తెల్ల ముక్కలు నీళ్ళలో వెయ్యాలి. సముద్రంలో దొరికే ఎముకట. అది కొరుక్కుని తింటే కాల్షియం వస్తుంది."

"దానికేం భాగ్యం తల్లీ! రేపట్నుంచి..."

"రేపు కాదు!" అని పిల్ల ఒక్క అరుపు అరిచింది. "అందరికీ ఇస్తావుగా, నాకూ రసీదు రాసివ్వు."

మాస్టరు జీవితంలో వేల రసీదులు రాశాడు. ఏ తేదీ రాసేటప్పుడూ చెయ్యి తడబడలేదు, నిలబెట్టుకునే ఉద్దేశం ఉంటే కదా తడబడటానికి! ఆ రోజు మాత్రం కలం ఆగి ఆగి నడిచింది. వస్తువు: బొత్తాం. పని: చిప్ప గట్టిపరచుట. ఇచ్చు తేదీ: వచ్చే నెల పదిహేను. పిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక మాస్టరు తాబేలును అరచేతిలోకి తీసుకుని చిప్పను మెల్లగా నొక్కి చూశాడు. బట్టను వేళ్ళ మధ్య నలిపి కళ్ళు మూసుకునైనా రకం చెప్పగల చెయ్యి అది. కాలరు లోపల పెట్టే బక్రంలా బిర్రుగా ఉండాల్సిన వీపు, లైనింగు గుడ్డలా లోపలికి పోయింది.

ఆ పూటే పని మొదలుపెట్టాడు. ముల్లంగి ఆకులు తెప్పించి, పెద్ద కత్తెరతో అంచులు సమానంగా వచ్చేలా కత్తిరించి నీళ్ళలో వేశాడు. బొత్తాం వాటి చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి మొహం తిప్పుకుంది. దానికి మనవరాలు ఇచ్చివెళ్ళిన పొట్లంలోని ఎండురొయ్య పొట్టు తప్ప ఇంకేదీ ఆనదు. ఇది కాదని మాస్టరు భార్య పాలకూర తెచ్చింది. ఎందుకైనా మంచిదని మాస్టరు పశువుల డాక్టరుకు ఫోను చేశాడు. "పాలకూర వద్దండీ, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు," అన్నాడాయన.

"నలభై ఏళ్ళుగా నేను పెట్టింది తింటున్నారు, మీకేమైంది?" అని ఆవిడ బుసకొట్టింది.

"నా చిప్ప గట్టిదే," అన్నాడు మాస్టరు.

తెల్ల ముక్క సంగతీ అంతే. వారమైనా బొత్తాం దాన్ని ముట్టలేదు. నీళ్ళు మాత్రం పాలలా తెల్లబడుతున్నాయి. మొండిఘటం, తాత పోలికే వచ్చింది అని మాస్టరు మురిసినంత పని చేశాడు.

ఎనిమిదో రోజున హెడ్మాస్టరు కోటు ట్రయలుకు వచ్చాడు. నాలుగు నెలలు తిరిగిన మనిషి. మాస్టరు కోటు మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడో లేదో, గుప్పున ఆవిరి లేచింది. దాంతోపాటు చేపల బజారు వాసన కూడా లేచింది. లోపల్నుంచి భార్య "ఏం మాడుతోందండీ?" అని కేకేసింది. గుమ్మంలోకి రెండు పిల్లులు వచ్చి, హెడ్మాస్టరు వంకే భక్తిగా చూస్తూ కూర్చున్నాయి.

"ఏమిటయ్యా ఈ కంపు? నా కోటుదేనా?" అన్నాడు హెడ్మాస్టరు ముక్కు మూసుకుని.

మాస్టరు కోటు మీది గీతల్ని వాసన చూశాడు. చేతిలోని గుర్తులు గీసే సుద్దను వాసన చూశాడు. తర్వాత తొట్టిలోని ముక్కను తీసి వాసన చూశాడు. రెండూ తెలుపే, రెండూ పల్చటి బిళ్ళలే, రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. వారం రోజులుగా ఎముకతో కోట్ల మీద గీతలు గీస్తూ, సుద్దను తాబేలుకు పెడుతున్నాడు!

"ఇంతకీ నా కోటు సంగతేమిటి?" అన్నాడు హెడ్మాస్టరు.

"మీ కోటుకేం బాబూ, కాల్షియం బాగా పట్టింది. పట్టనిది దీనికే!" అని మాస్టరు తల పట్టుకున్నాడు.

నవ్వులాటకేం గానీ, ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి లేవలేదు. నలభై రోజుల్లో ఎనిమిది రోజులు తన చేతులారా పాడుచేశాడు. బతకదన్న పిల్ల మాట చెవిలో మెదులుతూనే ఉంది. బొత్తాం వీపు ఇంకా లైనింగు గుడ్డలాగే ఉంది. భయపడ్డాడు, బాగా భయపడ్డాడు.

తొట్టి కడిగి, ఎముక ముక్క వేసి, సుద్దల డబ్బా అటక ఎక్కించాడు. ఎముకను బొత్తాం ఆ సాయంత్రమే కొరికింది. ఆకుల పేచీ మాత్రం తెగలేదు. అదీ ఒకనాడు దానంతటదే తెగింది. సూదిలో ఎక్కిస్తున్న దారం కొస జారి నీళ్ళలో పడి కదలగానే, బొత్తాం పులిలా దూకి పట్టుకుంది. ఓహో, దీనికి కదిలేదే తిండన్నమాట! మాస్టరు చప్పున దారం లాగేసి, ముల్లంగి ఆకు కాడకు కట్టి, అది దారాన్ని మింగకుండా రెండో కొస తన వేలికి చుట్టుకున్నాడు. ఆకును నీళ్ళలో టాకా కుట్టు వేసినట్టు పైకీ కిందికీ ఆడించాడు. బొత్తాం ఆకు అంచు కొరికింది. మళ్ళీ కొరికింది. మాస్టరు వేసిన కేకకు పక్క కొట్టు మంగలి కత్తి పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే గుమ్మం ముందు బొత్తాంకు ఎండ, సగం తొట్టికి గొడుగు నీడ, ఆపైన ఆకుల కుట్టుపని. దాని కోసం తెల్లారేసరికి దుకాణం తెరవాల్సి రావడంతో, చేతులు ఊరికే ఉండక బట్టలు కూడా అన్న రోజుకే తయారవడం మొదలైంది. చెప్పిన తేదీకి చొక్కా చేతిలో పెడితే ఒకాయన హడలిపోయి, "మాస్టారికి ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని ఆయన భార్యను పక్కకు పిలిచి అడిగాడు.

పద్నాలుగో తారీఖున డాక్టరు నొక్కి చూసి, "గండం గడిచింది. ఇలాగే తినిపించండి," అన్నాడు. మాస్టరు నొక్కి చూశాడు. బక్రం. కళ్ళద్దాలు మసకబారితే చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

మర్నాడు మనవరాలు రసీదు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చిప్పను అటూ ఇటూ నొక్కింది. "తాతయ్యా! చెప్పిన తేదీకే ఇచ్చేశావు!" అని ఆయన మెడకు చుట్టుకుపోయింది. ఆ తర్వాత తొట్టి చేతుల్లోకి తీసుకుంది. బొత్తాం మెడ సాచి, దారం చుట్టి ఉన్న మాస్టరు వేలి వైపే ఈదుతోంది.

మాస్టరు గబుక్కున కత్తెర అందుకుని బట్ట మీదికి వంగాడు. తల పైకెత్తలేదు.

"ఎడం పక్క ఇంకాస్త మెత్తగా ఉందమ్మా. రేపు రా."

ఆ మాట మీద నలభై ఏళ్ళుగా యుద్ధం చేస్తున్న భార్య రేపటికని ముల్లంగి ఆకులు తెచ్చి బల్ల మీద పెట్టింది. పిల్ల ఎడం పక్క నొక్కింది. గట్టిగానే ఉంది. తాతయ్య వంక చూసింది. తొట్టిని తిరిగి బల్ల పక్కన పెట్టి, రసీదును కత్తెర డబ్బా కింద దోపింది.

"సరే తాతయ్యా, రేపొస్తా," అంది. "ఎన్ని రేపులైనా వస్తాలే."