బేరింగ్ చప్పుడుకు పెట్టిన పేరు

ఫ్యాన్ తిరుగుతుంటే కళ్లు మూసుకుని విని రోగం చెప్పగల మనిషి ఆయన. టక్కుటక్కుమంటే రెక్క వదులైందనీ, గుర్రుమంటే బేరింగ్ అరిగిందనీ, మూలుగుతూ తిరగనంటే కెపాసిటర్ పోయిందనీ స్టూలు ఎక్కకుండానే తేల్చేస్తాడు. వీధిలో వాళ్లు ఆయన్ని గాలి మాస్టారు అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు.

ఇంటి ముందు గదే దుకాణం, వెనక వంటిల్లు. వంటింట్లో వాళ్లావిడ పొద్దున నోరు తెరిస్తే మళ్లీ పడుకునేదాకా మూయదు. అలాగని గయ్యాళి కాదు పాపం, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. ఎవరైనా ఫ్యాన్ పట్టుకొస్తే చాలు, లోపల్నుంచే “ఎప్పటికి కావాలట?” అని అడుగుతుంది. అడిగే హక్కు ఆవిడకుంది. ఆ దుకాణం వాళ్ల నాన్నది. మాస్టారికి పని నేర్పి, పిల్లనిచ్చి, దుకాణం అప్పగించి పోయిన మామగారు ఒకే ఒక్క నియమం పెట్టి పోయాడు. బాగుకు వచ్చిన ప్రతి ఫ్యాన్‌కీ దారంతో ఒక అట్టముక్క కట్టాలి. పైన జబ్బు, కింద మనం చేస్తామన్న పని. రాసింది చేసేదాకా దారం తెంపకూడదు, రాసినదాన్ని చింపకూడదు. మరీ ముసలి ఫ్యాన్ వస్తే మామగారు “వాడుతూ ఉంటే సర్దుకుంటుంది” అని రాసేవాడు. అలాంటివి అట్టముక్కతోనే ఇంటికెళ్లి అట్టముక్కతోనే తిరిగేవి.

వచ్చినవాళ్లందరూ అడిగిందే అడుగుతున్నారని మాస్టారు ఒక బ్లాగు మొదలుపెట్టాడు. “సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్: కొన్ని విషయాలు” అని మొదటి పోస్టు. “రెగ్యులేటర్: మరికొన్ని విషయాలు” అని రెండోది. చదివేవాళ్లు ముగ్గురు. ఫోన్లో చూసుకునే మాస్టారు ఒకరు, దుకాణం కంప్యూటర్లో చూసుకునే మాస్టారు ఇంకొకరు, మూడోవాడు బావమరిది. వాళ్లావిడ మాత్రం చదవలేదు. పగలంతా వింటూనే ఉన్నానుగా, మళ్లీ చదవడం కూడానా అంది. ఆయనకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. లోకం చదవకపోతే పోయింది, ఆవిడ ఒక్క పోస్టు చదివితే చాలని ఆయన ఆశ. ఆ సంగతి పైకి చెప్పడు, మగాడు కదా, మొండి ఘటం.

బావమరిది ప్రింటింగ్ ప్రెస్సులో కరపత్రాలు రాస్తాడు. దుప్పట్ల అమ్మకానికి ‘ఆఖరి అవకాశం’ అని ఏడాది పొడుగునా రాయగల ప్రతిభ వాడిది. బావ బ్లాగు చూసి వాడికి జాలేసింది.

“కొన్ని విషయాలు అంటే ఎవడొస్తాడు బావా? పేరు చూసే జనం లోపలికొచ్చేది. లోపల ఏముందో వచ్చాక చూసుకుంటారు.”

పేరు గొప్ప ఊరు దిబ్బ అవుతుందేమోరా అని మాస్టారు నసిగాడు. బావమరిది వినిపించుకోలేదు. జనం రోజూ వెతికే మాటలు ట్యాగులుగా తగిలించాలన్నాడు. భార్య, రహస్యం, దెయ్యం, జుట్టు రాలడం, ఇవి ఉంటే చాలు, కావాలంటే చివర్న బేరింగ్ పెట్టుకోమన్నాడు. ట్యాగంటే దారంతో కట్టే అట్టముక్కే కదా అని మాస్టారు కాస్త కుదుటపడ్డాడు. ఆ కుదుటపడటమే కొంప ముంచింది.

“ఈ టేబుల్ ఫ్యాన్ లోపల ఏముందో చూస్తే మీ కళ్లు తిరుగుతాయి” అన్న పోస్టు పడింది. లోపల ఉన్నది దుమ్ము. మర్నాడే ఒక రిటైరైన లెక్చరరు దుకాణానికొచ్చి, చివరిదాకా చదివాననీ కళ్లు తిరగలేదనీ నిలదీశాడు. వేరేవాడైతే నవ్వి ఊరుకునేవాడు. మాస్టారు ఆయన్ని గుండ్రంగా తిరిగే స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పి, ఇప్పుడో అని అడిగాడు. తిరుగుతున్నాయి బాబూ అని ఆ పెద్దమనిషి తృప్తిగా గోడ పట్టుకుని వెళ్లిపోయాడు. రాసింది చేసి ఇచ్చాం కనుక దారం తెంపినట్టే. తర్వాత ఇంకా కొందరొచ్చారు. వాళ్లనీ తిప్పాడు.

అప్పుడు పడింది అసలు పోస్టు. బేరింగ్‌కు గ్రీజు పెట్టడం గురించి మాస్టారు మనసు పెట్టి రాశాడు. పేరు మాత్రం బావమరిది పెట్టాడు: “ఈ ఒక్క పని చేశాను, మా ఆవిడ వారం రోజులు నోరు విప్పలేదు.” ట్యాగులు భార్య, మౌనం, గృహశాంతి, బేరింగ్.

తెల్లారేసరికి వేలమంది చదివేశారు. మధ్యాహ్నానికి మొగుళ్లు క్యూ కట్టారు. ఒక్కడి చేతిలోనూ ఫ్యాన్ లేదు. గ్రీజు కావాలన్నారు. ఎక్కడ రాయాలి, పడుకున్నాక రాయాలా అని ఒకాయన గుసగుసగా అడిగాడు. మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. పోస్టు తీసేద్దామంటే రాసినదాన్ని చింపకూడదు. ఉంచుదామంటే అది అబద్ధం. చివరికి వంటింట్లోకెళ్లి నిలబడి, వారం పాటు మాట్లాడకుండా ఉండగలవా అని వాళ్లావిడని బతిమాలాడు.

ఆవిడ పడీపడీ నవ్వింది. కానీ రాసింది చేసి తీరాలి అనేసరికి ఆ తండ్రి కూతురు కదా, నాన్న మాట తప్పుతామా అని కొంగు బిగించి మూగనోము పట్టింది. పాలు పొంగాయి, నోము పోయింది. మళ్లీ మొదలుపెట్టింది. పక్కింటావిడ కొత్త చీర కట్టుకుని గుమ్మం ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది, ఎంత నోమైనా దానికి ఆగుతుందా? మూడోసారి పగలంతా నెగ్గుకొచ్చి, నిద్రలో “ఎప్పటికి కావాలట?” అంది. మాస్టారు పక్కన కూర్చుని అది కూడా మాటే అని తీర్పు చెప్పాడు.

ఇలా లాభం లేదు, అసలు పోస్టులో ఏం రాశారో చూద్దామని ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇన్నాళ్లకు చదువుతోందని మాస్టారు పొంగిపోయి పక్కనే నిలబడ్డాడు. పోస్టంతా చదివింది. గ్రీజు సంగతి బాగా రాశారంది. తర్వాత కామెంట్ల దాకా కిందకు జరిపింది. ఎవడో ఊరూ పేరూ లేనివాడు “మీ ఆవిడ అంత వాగుతుందా సార్?” అని అడిగాడు. అడిగిన ప్రతివాడికీ ఉన్నదున్నట్టు జవాబిచ్చే మాస్టారు దాని కింద రాశాడు: “అవునండీ. ఆగకుండా నడుస్తుంది. స్విచ్ లేదు.”

ఆవిడ కళ్లజోడు తీసి మడిచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈసారి పాలు పొంగినా మాట రాలేదు. పక్కింటావిడ ఎన్ని చీరలు మార్చినా రాలేదు. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, పోయేది. అక్కా నాదే తప్పని బావమరిది వచ్చి కాళ్లావేళ్లా పడితే వాడికీ అన్నం పెట్టింది. దుకాణానికి ఫ్యాన్లు వచ్చేవి, లోపల్నుంచి ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఆ నిశ్శబ్దంలో మాస్టారికి తల మీద గుర్రుగుర్రుమని ఒక చప్పుడు వినిపించింది. సొంత ఇంటి ఫ్యాన్, బేరింగ్ ఎప్పుడో అరిగిపోయింది. ఊరందరి ఫ్యాన్ల రోగాలు చెప్పే మనిషి, ఆవిడ మాటల్లో పడి ఇన్నేళ్లూ దాన్ని వినలేదు. ఇప్పుడు విప్పి గ్రీజు పెట్టే ఓపిక కూడా లేదు. దాని కింద కూర్చుని ఏడుపు దిగమింగుకున్నాడు.

వారం గడిచింది. బ్లాగులో రాసింది అక్షరాలా నిజమైంది, దారం తెంపొచ్చు. వారం దాటాక కూడా ఆవిడ నోరు విప్పలేదు. అప్పుడు మాస్టారికి నిజంగా భయం వేసింది. ఎలా అడగాలో తెలియలేదు. తెలిసింది ఒక్కటే పని. అట్టముక్క తీసుకుని జబ్బు దగ్గర “నోరు జారాడు” అని రాశాడు. చేయాల్సిన పని దగ్గర ఖాళీ వదిలాడు. దానికి దారం కట్టి మెడలో వేసుకుని, బాగుకు వచ్చిన ఫ్యాన్ల వరసలో చివర నేల మీద చతికిలబడ్డాడు. గ్రీజు కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలోంచే చూసి దణ్ణం పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు.

ఆవిడ కాఫీ పట్టుకుని వచ్చింది. ఆగింది. వంగి అట్టముక్క చదివింది. మళ్లీ చదివింది.

“ఎప్పటికి కావాలట?”

“ఇవాళే,” అన్నాడు మాస్టారు.

“ఇవాళ కుదరదు. మీ ముందు ఇన్ని ఫ్యాన్లున్నాయి.”

కుదరదంటూనే పక్కన కూలబడి వారం పైబడిన మాటల బాకీ తీర్చడం మొదలుపెట్టింది. స్విచ్ లేదా నాకు, అని మొదలై, పక్కింటి చీరల మీదుగా, తమ్ముడి కరపత్రాల మీదుగా, పాలవాడి దాకా వెళ్లి, మళ్లీ స్విచ్ దగ్గరికి వచ్చి కళ్లు తుడుచుకుంది. మాస్టారు తలాడిస్తూ విన్నాడు. పైన ఫ్యాన్ గుర్రుమంటూనే ఉండి ఉంటుంది, ఆయనకు మాత్రం వినిపించలేదు. కాఫీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రమే ఆవిడ చెప్పగా పోస్టు పేరు “బేరింగ్ చప్పుడు: కొన్ని విషయాలు” అని మారింది. రాసింది నెరవేరిపోయింది కనుక మార్చినా మామగారు ఏమీ అనుకోడని ఆవిడే తేల్చింది. వేలమంది ఎలా వచ్చారో అలాగే పోయారు. ఇప్పుడు చదివేవాళ్లు నలుగురు. నాలుగో మనిషి చదువుతూ వంటింట్లోంచి తప్పులు కూడా చెబుతుంది.

మాస్టారి మెడలో అట్టముక్క ఇప్పటికీ ఉంది. స్నానానికి తీసి మళ్లీ వేసుకుంటాడు. వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే ఎత్తి చూపిస్తాడు. జబ్బు కింద, ఆయన వదిలిన ఖాళీలో ఆవిడ తన చేత్తో రాసిన మాట ఉంటుంది: “వాడుతూ ఉంటే సర్దుకుంటుంది.”