మొగిలమ్మ పెట్టిన సున్న

ఖజానా ఖాళీ అయిందంటూ మున్సిపాలిటీ వాళ్లు ఇంటింటి నల్లాకూ కొత్త చార్జీ వేసి నోటీసులు పంచారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మొగిలమ్మకు చదువు రాదు. నోటీసులోని లావు అక్షరాల్లోనే అసలు గొడవంతా ఉందనుకుని, ధర్నా కోసం వాటినే చూసి ఎర్ర నూలుతో జంపఖానా పొడుగునా నేసింది.

కోడలు పద్మలత మగ్గం దగ్గరికొచ్చి చదివి, నవ్వాపుకోలేకపోయింది. "అత్తమ్మా, 'కట్టవలెను' అని నేసినవ్."

మొగిలమ్మ నవ్వలేదు. నలభై ఏళ్లుగా తప్పు నేసి ఎరగని మనిషి. ఏ అక్షరమేదో కోడల్ని అడిగి, 'వలెను' అన్నంత మేరా విప్పేసి మళ్లీ మగ్గమెక్కింది.

మర్నాడు వాడ ఆడవాళ్లంతా ఆఫీసు ముందు ఆ జంపఖానా పట్టుకుని నిలబడ్డారు. దాని మీద 'కట్టం' అని ఉంది.

"ఎవరు రాసిచ్చిన్రమ్మా ఇది?" అన్నాడు ఆఫీసరు.

"మీ నోటీసే సార్. నేను ఆఖర్ల ఒక్క సున్న పెట్టిన, గంతే."