వర్జ్యంలో లేచిన విండోస్

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో ముహూర్తం పెట్టకుండా జరిగేవి రెండే: కరెంటు పోవడం, సినిమా పోవడం. మిగతా అన్నిటికీ, కొత్త మిక్సీ ప్లగ్గు పెట్టడానికైనా సరే, సిద్ధాంతిగారిని అడగాల్సిందే. మా పెదనాన్న నిర్మాత కాబట్టి ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఆయన చివరి సినిమాకు ముహూర్తం షాట్ సమయానికి కెమెరా మొరాయించి, తీరా వర్జ్యం వచ్చాక తిరిగింది. సినిమా డబ్బాలు వారానికే వెనక్కి వచ్చేశాయి. కథ బాగాలేదని ఊరంతా అన్నా, ఆయన మాత్రం ఆ కెమెరానే తిట్టుకునేవారు. (ఆ కథ నేనూ విన్నాను. కెమెరా ఎందుకు మొరాయించిందో నాకు అర్థమైంది.)

పక్కవీధి నిర్మాత ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్నాడని తెలిసిన రోజు నుంచి పెదనాన్నకు నిద్ర పట్టలేదు. నాకూ పట్టలేదు, కానీ నా కారణం వేరు. డిగ్రీ అయిపోయి మధురానగర్‌లో మా ఇంట్లో కూర్చున్న నాకు, చెక్‌పోస్టు దగ్గర ఒక ప్రకటనల ఆఫీసులో ఉద్యోగానికి నెల రోజుల్లో పరీక్ష ఉంది. అక్కడ అంతా విండోస్. నేను నేర్చుకున్న చోట అంతా డాస్. చెప్పులు బయట విడిచి భక్తిగా లోపలికి వెళ్ళి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టి రావడమే మా చదువు. మౌసును మాస్టారు బోర్డు మీద బొమ్మగా గీసి చూపించారు. (తోకతో సహా.) పెదనాన్న ఇంట్లో విండోస్ వస్తే నెల రోజులు చెయ్యి తిప్పుకుని ఉద్యోగం కొట్టవచ్చు. లేకపోతే బీఎడ్‌కు పొమ్మని మా నాన్న సిద్ధంగా ఉన్నారు. పిల్లలకు పాఠాలు చెప్పడమనే ఊహకే నాకు జ్వరం వచ్చేది.

కంప్యూటర్ తెచ్చినతను టోలిచౌకి నుంచి వచ్చాడు. ఇంటిల్లిపాదీ అతన్ని సిస్టమ్ అన్న అనేవాళ్ళం. పెట్టెలు విప్పి, తీగలు కలిపి, పెదనాన్నతో నిదానంగా చెప్పాడు.

"సార్, గీ మిషన్ల జాగ తక్కువుంది, రెండు పట్టయి. విండోస్ ఏస్తే బొమ్మలు గిట్ల మంచిగొస్తయి గని జర నిమ్మలంగ లేస్తది. డాస్ అయితే బటన్ నొక్కంగనే వస్తది. ఏదేయమంటరు?"

"విండోసే, పెదనాన్నా," అన్నాను ఆయన నోరు తెరిచేలోపే.

"రంగులు ఉంటాయా?"

"బోలెడు."

"అయితే అదే వెయ్యవయ్యా," అన్నారు. ఆ క్షణంలో నాకు ఉద్యోగం వచ్చేసినట్టే అనిపించింది. మొదటి జీతంతో ఏం కొనాలో కూడా ఆలోచించుకున్నాను.

ఆదివారం ఉదయం, సిద్ధాంతిగారు స్వయంగా వచ్చి పెట్టిన ముహూర్తానికి స్విచ్చాన్. దానికి ముఖ్య అతిథి జడ్జిగారు. ఆయన నిజం జడ్జి కారు. వరసగా సినిమాల్లో జడ్జి వేషాలే వేసీ వేసీ, పేటలో వాటాల తగాదాలకు కూడా తీర్పులు చెప్పే స్థితికి వచ్చిన నటుడు. పెద్దమ్మ హారతి పట్టుకుంది. కంప్యూటర్‌కు బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. తెర ముందు పెదనాన్న స్వయంగా క్లాప్ కొట్టారు. జడ్జిగారు బటన్ నొక్కారు. అందరం చప్పట్లు కొట్టాం.

చప్పట్లు అయిపోయాయి. తెర మీద చిన్న ఇసుక గడియారం ఒకటి వచ్చి కూర్చుంది. లోపల ఏదో గరగరమంటోంది. పెద్దమ్మ హారతిలో ఇంకో కర్పూరం బిళ్ళ వేసింది. పెదనాన్న చేతి గడియారం చూసుకున్నారు, సిద్ధాంతిగారు ఆయన ముఖం చూశారు. నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. మూడో బిళ్ళ కూడా ఆరిపోయాక, "వర్జ్యం వచ్చేసిందండీ," అన్నారు సిద్ధాంతిగారు. సరిగ్గా అప్పుడే, నా ఖర్మ కొద్దీ, విండోస్ రంగులన్నీ వేసుకుని తీరిగ్గా ప్రత్యక్షమైంది.

పెదనాన్నకు ఆ కెమెరా గుర్తొచ్చిందని ఆయన ముఖమే చెప్పింది.

మేం పెసరట్లు తినేలోపు సిస్టమ్ అన్న విండోస్ తీసేసి డాస్ వేశాడు. వర్జ్యం వెళ్ళాక దానితో మళ్ళీ స్విచ్చాన్ చేశారు. అది మాత్రం నొక్కీ నొక్కగానే లేచింది. నల్లటి తెర, మూలన మిణుకుమిణుకుమంటూ ఒక గీత.

"కరెంటు పోయిందా ఏంటండీ?" అంది పెద్దమ్మ.

"తెర నల్లబడితే మన ఇంటికి మంచిదేనంటారా?" అని పెదనాన్న జడ్జిగారిని అడిగారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇదే అదను అనుకుని పరీక్ష సంగతి, నెల గడువు, బీఎడ్ భయం అన్నీ విన్నవించుకున్నాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయి వాదన విన్నాం. సబబుగానే ఉంది. కానీ ముహూర్తానికి పీటల మీదకు రాని పెళ్ళికొడుకు ఎంత అందగాడైతే మాత్రం పిల్లనిస్తామా? డాసే ఉండాలి. నలుపు దోషానికి ఏదో ఒక శాంతి చేయించండి."

శాంతి కూడా జరిగింది. పోయిన సినిమాలో పాటకు లైట్ల ముందు కట్టగా మిగిలిన పసుపుపచ్చ జిలాటిన్ కాగితాన్ని పెద్దమ్మ తెర మేరకు కత్తిరించి అంటించింది. సిస్టమ్ అన్న మౌసు ఊడదీశాడు. "డాస్‌కు గిది పనికి రాదు మేడం. ఫికర్ చేయకుండ్రి, ఇంకొకలకు పనికొస్తది," అని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. సంచిలోంచి దాని తోక బయటికి వేలాడుతుంటే గేటు దాకా చూస్తూ నిలబడ్డాను. ఆ నెలంతా బస్సెక్కి వెళ్ళి, పచ్చకామెర్లు వచ్చినట్టున్న ఆ తెర మీద, నాకు ముందే వచ్చిన డాస్‌నే మళ్ళీ నేర్చుకున్నాను.

పరీక్షలో మొదటిసారి మౌసును చేత్తో పట్టుకున్నాను. బాణాన్ని తెర చివరికి తీసుకెళ్ళాలి. జరుపుతూ జరుపుతూ వెళితే మౌసు బల్ల అంచుకు వచ్చేసింది, బాణం మాత్రం ఇంకా మధ్యలోనే ఉంది. దాన్ని ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టుకోవచ్చని నాకెవరు చెప్పారు? నా అవస్థ చూసి అక్కడి మేడం దగ్గరికి వచ్చింది.

"ఏమైనా కావాలా అమ్మా?"

"ఇంకొంచెం బల్ల కావాలండీ," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అదే నన్ను చంపేసింది. మధురానగర్ వెళ్ళే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఏం చేసినా, ఎంత కష్టపడినా నా బతుకింతేనని ఆ వయసులో గట్టిగా నమ్మాను.

మర్నాడు పెదనాన్న ఇంటికి వెళ్ళి ఫలితం చెప్పాను. నీ వల్లే అని ముఖం మీద అనేద్దామని దారంతా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "పరీక్ష ఎన్నింటికి పెట్టారమ్మా?" అని అడిగారు. చెప్పాను. లేచి వెళ్ళి పంచాంగం తెచ్చి, వేలు పెట్టి చూపించారు.

"అదీ సంగతి. నట్టనడి వర్జ్యంలో పెడితే ఎవరు పాసవుతారే? నీ తప్పేం లేదు. లేచి అన్నం తిను."

లేచి అన్నం తిన్నాను. ఆ తర్వాత బీఎడ్ కూడా చేశాను.

ఇప్పుడు నా బల్ల మీదా ఒక కంప్యూటర్ ఉంది. ఇన్నేళ్ళు పిల్లలకు మూఢనమ్మకాలు వద్దని పాఠం చెప్పిన టీచరును నేను. అయినా ఏదైనా చేజారిన రోజున, ఎవరూ చూడకుండా పంచాంగం తీసి వెతుక్కుంటాను. వర్జ్యం కనిపిస్తే హాయిగా లేచి అన్నం తింటాను. కనిపించని రోజున మాత్రం పెదనాన్న చాలా గుర్తొస్తారు.