మామగారిని ముక్కు పట్టుకోమన్న రోజు

ఒక మనిషి తన సొంత మామగారిని, అదీ ఆయన సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్లిన ఇంట్లో, ముక్కు పట్టుకోమని, నాలుక చాపమని, చివరికి నువ్వెవడివని అడిగితే ఏమవుతుంది? తెలుసుకోవాలని మీకు కుతూహలంగా ఉంటే మీరు ప్రయోగం చేయనక్కర్లేదు. నేను చేసేశాను. ఫలితాలు కింద ఇస్తున్నాను.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది తిరగలేదు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఫిజిక్స్ చెప్పేవాడికి లోకంలోని యంత్రాలన్నీ తెలుసని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. వాళ్లు అనుకుంటున్నారు కదా అని మనమూ అనుకుంటాం. జబ్బు మొదలయ్యేది అక్కడే.

పొద్దున్నే లేచి టెక్నాలజీ వార్తలు చూసేవాణ్ణి. ఫోన్లు మన మాటలు వింటున్నాయని ఒకరోజు చదివాను. ఇక ఆ రోజు నుంచి ఫోనును దిండు కింద పెడితే గానీ మా ఆవిడతో బెండకాయ కూర సంగతి కూడా మాట్లాడలేదు. టీవీల్లో రహస్యంగా కెమెరాలు ఉంటాయని ఇంకోరోజు విన్నాను. మా టీవీ మీద కన్నులా కనిపించిన ప్రతిచోటా నల్ల టేపు అంటించాను. దాంతో రిమోట్ పనిచేయడం మానేసింది. ఎవరో దూరం నుంచి మన టీవీని చేతుల్లోకి తీసుకున్నారని మా ఆవిడకు గంభీరంగా వివరించాను. ఆమె వెళ్లి ఒక టేపు ముక్క పీకింది. రిమోట్ పనిచేసింది.

మా ఆవిడ స్వప్నది మిర్యాలగూడ. అక్కడ మా మామగారికి ఎరువుల దుకాణం ఉంది. ఆయనది నిండు మీసం, తక్కువ మాట. నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో కూడా పెద్దగా లేరు. ఆయన ముందు నేను ఎప్పుడూ కుర్చీని పూర్తిగా వాడుకోలేదు, అంచు మీదే సర్దుకునేవాణ్ణి.

ఇలా ఉండగా ఒక భయంకరమైన వార్త నా కంటపడింది. మనకు తెలిసిన మనిషి ముఖాన్నీ గొంతునూ కంప్యూటరుతో తయారుచేసి, వీడియో కాల్ చేసి మోసం చేస్తున్నారట. కొత్త నంబరు నుంచి చేస్తారట, తొందరపెడతారట, ఇంటి వివరాలు అడుగుతారట. పట్టుకునే ఉపాయమూ చెప్పారు. తల పక్కకు తిప్పమనాలి, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టమనాలి. దొంగ ముఖమైతే అక్కడ చెదిరిపోతుందట. నేను దాన్ని కంఠతా పట్టాను.

ఆ ఆదివారం స్వప్న కూరగాయలకు వెళ్లింది. నాకు కొత్త నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎత్తితే మామగారు. వెనక ఎన్నడూ చూడని గోడ, పూల కర్టెన్. అదీ సరే, ఆయన నవ్వుతున్నారు. నేను ఫోనును కాస్త దూరంగా పట్టుకున్నాను.

"ఏం బాబూ, మంచిగున్నవా? నా ఫోన్ల చార్జింగ్ ఖతమైంది. వేరేటోళ్ల ఫోన్ నుంచి చేస్తున్న. మీ అత్త ఫోన్ ఎత్తుతలేదు. మన లావణ్య ఫోటో, పుట్టిన తేది, టైము ఈ నంబరుకు జర జల్ది పంపు."

లావణ్య అంటే స్వప్న చెల్లెలు. కొత్త నంబరు, తొందర, ఇంటి వివరాలు. వార్తలో చెప్పినవన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. పైగా 'బాబూ' అట. మా మామగారు నన్ను పిలవాల్సి వస్తే దగ్గేవారు.

నాకు అనుమానం వచ్చినట్టు దొంగకు తెలియకూడదు కదా. బొమ్మ సరిగ్గా రావడం లేదని, కాస్త తల పక్కకు తిప్పమని వినయంగా అడిగాను. తిప్పారు. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టమన్నాను. పెట్టారు. ముక్కు పట్టుకోమన్నాను. ఆయన ఒకసారి పక్కకు చూసి, అదే నవ్వుతో పట్టుకున్నారు. అసలు మామగారైతే ఈపాటికి ఫోన్లోంచి చెయ్యి చాపి నా చెవి మెలిపెట్టేవారు. చెప్పినట్టల్లా చేసేకొద్దీ నా అనుమానం పెరిగింది. నాలుక చాపమన్నాను. చాపారు. సరిగ్గా అప్పుడే బొమ్మ ముక్కలు ముక్కలై, మీసం ఒకవైపు, నాలుక ఒకవైపు నిలిచిపోయాయి.

దొరికాడు అనుకున్నాను.

"ఎవడ్రా నువ్వు? మా మామ మొఖం పెట్టుకొని మా మరదలు ఫోటో అడుగుతవా? పోలీసులకు పట్టిస్త."

బొమ్మ తిరిగి కదిలేసరికి ఫోను ఇంకొకరి చేతిలో ఉంది. బట్టతల పెద్దమనిషి ఒకాయన, ఆయన నిజంగా మీ మామగారేనండి, కోదాడలో మా ఇంట్లోనే ఉన్నారండి అని బతిమాలుతున్నాడు. ముఠా నాయకుడు బయటపడ్డాడని నాకు అర్థమైంది. నువ్వూ ముక్కు పట్టుకో అన్నాను. పాపం, పట్టుకున్నాడు. నేను కాల్ కట్ చేసి, ఆ నంబరును బ్లాక్ చేసి, విజయగర్వంతో ఫ్యాను కింద కూర్చున్నాను.

స్వప్న రాగానే ఇంటిని ఎంత గండం నుంచి తప్పించానో చెప్పాను. ఆమె సంచి కింద పెట్టి, తల్లికి ఫోన్ చేసింది. లావణ్యకు సంబంధం చూడటానికి మామగారు పొద్దున్నే కోదాడ వెళ్లారట. కుదిరేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారట. స్వప్న ఫోన్ పెట్టేసి నావైపు చూసింది.

"నువ్వు నాలిక సాపమన్నది మా నాయిననే."

ఆ సాయంత్రమే మిర్యాలగూడ బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. నేను ఆమెనే చూశాను. నా వల్ల ఒక ఆడపిల్ల పెళ్లి చెడిపోయిందన్న ఆలోచన బస్సు దిగేదాకా నన్ను వదల్లేదు.

మామగారు వసారాలో కూర్చుని ఉన్నారు. నేను ఈసారి కుర్చీ జోలికే పోలేదు. నిలబడే దొంగ ముఖాల సైన్సు మొత్తం అప్పజెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు.

"మా నాయిన ముందట గూడ నేనెన్నడు నాలిక సాపలే," అన్నారు. "సుట్టాల ముందట కోపం జేస్తే ఇజ్జత్ పోతదని ఊకున్న. నీకు పిచ్చి లేసిందనుకున్న."

స్వప్న మెల్లగా సంబంధం ఏమైందని అడిగింది. ఖాయమైందన్నారు ఆయన. కాసేపటిదాకా ఎవరమూ నమ్మలేదు. అప్పుడు పెళ్లికొడుకు తండ్రి, అదే ఆ బట్టతల పెద్దమనిషి, అన్న మాటలు మామగారే చెప్పారు, ఆయన గొంతు పెట్టి మరీ.

"'చాలా ఇళ్లు చూశామండి. అల్లుడు ముక్కు పట్టుకోమంటే మారుమాట లేకుండా పట్టుకున్న మామగారిని మాత్రం ఇక్కడే చూశాం. మావాడికి ఇంతకన్నా మర్యాద ఇంకెక్కడ దొరుకుతుందండీ?' అన్నడు."

లావణ్య లోపలికి పరుగెత్తింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామగారి మీసం కింద ఏదో కదిలింది. అది నవ్వేనని ఇప్పటికీ నేను రూఢిగా చెప్పలేను.

నాకు మాత్రం ఇంకో అనుమానం మిగిలిపోయింది. ముక్కూ మొహం తెలియని నేను చెప్పగానే ముక్కు పట్టుకున్న ఆ పెద్దమనిషిని నమ్మి పిల్లనివ్వడం ఎంతవరకు క్షేమం? ఆ మాట పైకి అనబోయాను. స్వప్న నా కాలు తొక్కింది.

కాబట్టి పెద్దల సమక్షంలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. వీడియో కాల్‌లో పెద్దవాళ్ల ముక్కు, చెవులు, నాలుకల జోలికి ఈ జన్మలో పోను. ఎవరి ముఖం మీదైనా అనుమానం వస్తే ఫోన్ పెట్టేసి, బస్సెక్కి, వాళ్లున్న ఊరికి వెళ్లి కళ్లారా చూసి, దండం పెట్టి తిరిగి వస్తాను. ఈ ప్రమాణంలోని మాటలన్నీ మా ఆవిడవి. భయం మాత్రమే నాది.