పుల్లయ్య వినగోరిన నీటి సవ్వడి

1976వ సంవత్సరం, మాఘమాసం. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలలో మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ప్రచార శాఖవారి సినిమా వాహనంలో వ్యాఖ్యాతగా నాకు అప్పటికి ఆరేళ్ళ అనుభవం. ఇటువంటి ఉద్యోగం ఒకటి ఉండేదని ఈనాటి పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. మాకు వచ్చే డాక్యుమెంటరీలు, అంటే కథ లేని వాస్తవ చిత్రాలు, చాలావరకు ఇంగ్లీషులో మాట్లాడేవి. బొమ్మ మొదలుకాగానే ఆపరేటరు ప్రొజెక్టరు వాల్యూమ్ తగ్గించివేసేవాడు. తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, బొమ్మ వెంబడి తెలుగులో కామెంటరీ చెప్పడం నా వంతు. భాషాప్రవీణ పూర్తిచేసి, బడిలో కొలువు దొరకక ఇందులో చేరినవాణ్ణి. చదువుకున్న ప్రబంధాలన్నింటినీ ఆ మైకులోనే ఒలకబోస్తూ ఉండేవాణ్ణి.

ఆ ఏడాది రెండు ఊళ్ళ యువజనులూ, గ్రంథాలయంవారూ కలిసి ఒక చిత్రోత్సవం తలపెట్టారు. అడవులు, నదులు, కొండలెక్కే సాహసాలు, అన్నీ ఆ కోవకు చెందిన చిత్రాలే. మొదటి రోజు జగ్గయ్యపేటలో, మరునాడు నందిగామలో. వాటిలో జనం ఎక్కువగా ఎదురుచూసింది కృష్ణానది చిత్రం కోసం. నలుగురు యువకులు పుట్టిలో, అంటే వెదురుబుట్టకు తోలు తొడిగి చేసిన గుండ్రని పడవలో, కృష్ణ వెంట దిగువకు చేసిన ప్రయాణం అది. ఎగువన పెద్ద ఆనకట్ట లేవకముందు తీసినది. అందులో కనిపించే రేవులు కొన్ని ఇప్పుడు జలాశయం అడుగున ఉన్నాయి. కరపత్రంలో ఆ రేవుల పేర్లన్నీ అచ్చువేయించారు.

జగ్గయ్యపేటలో ఆ సాయంత్రం బడి ఆవరణ నిండిపోయింది. కృష్ణ చిత్రం రాగానే నేను విజృంభించాను. "ఉత్తుంగ శిలాసంఘట్టన సంజాత మధుర కలకలనాద మనోహరమై" అంటూ నేను వాక్యం పూర్తిచేసేసరికి తెర మీద రాళ్ళు దాటిపోయి ఇసుకతిన్నెలు వచ్చాయి. ఆపరేటరు మస్తాను నాకన్న పదేళ్ళు పెద్దవాడు, చనువున్నవాడు. ఆట అయ్యాక రీలు చుడుతూ, "పంతులు గారూ, మీ సమాసం అయ్యేలోపు నది పోయి సముద్రంలో కలిసిందండి" అన్నాడు.

నేను నవ్వాను గాని లోపల చివుక్కుమన్నది. అప్పుడే ఒక నడివయసు స్త్రీ ఒక ముసలాయనను చెయ్యిపట్టి నడిపించుకుంటూ వచ్చింది. ఆమె పేరు కోటమ్మ, మిరప కోతలకు వెళ్ళే మనిషి. ఆయన ఆమె తండ్రి పుల్లయ్య. రెండు కళ్ళలోనూ తెల్లని పొర.

"అయ్యా, ఆ రేవుల్లో మూడోది మాదేనండి. ముప్పయ్యేళ్ళు అక్కడ పుట్టి నడిపా" అన్నాడు పుల్లయ్య.

వెనుకనుంచి ఎవరో, "చూపు లేనోడివి, బొమ్మ చూట్టానికి వచ్చావా పెద్దాయనా?" అన్నారు.

"చూట్టానికి నువ్వొచ్చావుగా. నేను వినటానికొచ్చా" అని, ఆయన నా వైపు ముఖం తిప్పాడు. "తప్పుగా అనుకోబాకండి. నీళ్ళ సద్దు విందామని వచ్చానండి. మీరేమో ఒక్క క్షణం కూడా ఆపకపోతిరి."

కోటమ్మ తండ్రిని వారిస్తూ నాతో అన్నది: "ఊరు మునిగినకాడి నుంచీ ఇదే గోల అయ్యగారూ. మా మునేటి ఒడ్డుకి తీసకపోతే, ఇది కాదంటాడు. కీసర కాడ ఏటికీ తీసకపోయా. అక్కడా అంతే. ఆ నీళ్ళు చెవినబడితే గానీ నిద్రపట్టదంటాడు. ఇంకోసారి వేస్తారా అండి?"

మరునాడు నందిగామలో ఆట. ఆ మరుసటి ఉదయమే ప్రింటు హైదరాబాదుకు తిరిగి వెళ్ళిపోవాలి. ఒకసారి వెళ్ళినది మళ్ళీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో, మా చేతిలో లేదు. ఆ మాటే చెప్పి, రేపు మధ్యాహ్నం నందిగామ రాగలిగితే ఆయన ఒక్కడి కోసం వేసి వినిపిస్తామన్నాను. నేను నోరు మెదపనని కూడా మాట ఇచ్చాను.

వాళ్ళు మొదటి బస్సుకే వచ్చి కూర్చున్నారు. బడిలో ఒక గదికి కిటికీలు మూసి, గోనెపట్టాలు కట్టి చీకటి చేశాము. మస్తాను రీలు ఎక్కించి, వాల్యూమ్ పెంచాడు. ఇంగ్లీషు మాటల నడుమ, మూడవ రేవు వచ్చేవేళకు, కొద్దిసేపు కేవలం నీటి సవ్వడి మాత్రమే ఉన్నది. గలగలమంటూ గది నిండిపోయింది. నాకు ఒళ్ళు పులకించింది. పుల్లయ్య మెడ ఒక పక్కకు వంచి విన్నాడు.

"నానా, మన రేవులో గుండురాయేనే. బొమ్మ మనదే" అన్నది కోటమ్మ.

"బొమ్మ మనదేనేమో అమ్మా. నీళ్ళు మనయ్యి కాదు."

ఆయనే మళ్ళీ చెప్పాడు. "మా రేవులో నీళ్ళు రెండు సద్దులు చేసేవండి. ఎడమ గట్టున గుండుకి తగిలి బుడబుడమనేది. కుడిపక్కన ఇసక మీద సన్నంగా, చాటలో గింజలు చెరిగినట్టుండేది. మంచు పట్టినపుడు ఆ రెంటి మధ్యన పుట్టిని పోనిచ్చేవాణ్ణి. ఇదెక్కడో తూము కింద దూకే నీళ్ళండి."

మస్తాను ప్రొజెక్టరు ఆపి, తలవంచుకుని అసలు సంగతి బయటపెట్టాడు. ఆ కాలంలో నదుల మీద, కొండల మీద మోసుకుపోయే చిన్న కెమెరాలు బొమ్మను మాత్రమే పట్టేవి. శబ్దాన్ని తరువాత స్టూడియోలో, దొరికినదేదో తెచ్చి, సౌండ్ ట్రాక్ మీద అతికించేవారు. సౌండ్ ట్రాక్ అంటే ఫిల్ము అంచున శబ్దం కోసం ఉండే సన్నని గీత. ఆరేళ్ళుగా ఈ వృత్తిలో ఉండి, నాకు ఆ సంగతే తెలియదు. నిన్న నేను అంతటి సమాసంతో పొగిడిన కలకలనాదం అసలు ఆ నదిదే కాదు.

"పోదాం పదమ్మా" అన్నాడు పుల్లయ్య. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది నాకు.

"పెద్దాయనా, ఒక్కమాటు కూర్చోండి" అన్నాను. "మస్తాన్, వాల్యూమ్ పూర్తిగా తీసెయ్యి. మళ్ళీ వెయ్యి."

ఈసారి ప్రొజెక్టరు తిరిగే చప్పుడు తప్ప మరేమీ లేదు. నేను ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది. "అల్లదిగో, నీలజలరాశి మధ్యమున" అని ఎత్తుకున్నాను.

"అట్టా కాదండి. గుండు కనపడుతుందా లేదా, అది చెప్పండి."

"కనబడుతోంది."

"నీళ్ళు దాని నడుముకా, మెడకా?"

"నడుము దాకా."

"అయితే సంక్రాంతి వెళ్ళినాక తీశారు. పైన బీట ఉండాలి."

"ఉంది. అందులో ఒక మొక్క మొలిచింది."

"రావి మొక్క. పీకినా మళ్ళీ వచ్చేది ముండ" అని నవ్వాడు. ఆయన చెయ్యి నా మోకాలిమీద పడింది. వేళ్ళు తెడ్డు పట్టినట్టు బిగుసుకున్నాయి. "పుట్టి ఏ పక్కకి తిరుగుతుంది?"

"కుడికి."

"తెలియని పిల్లకాయలు. ఇసక పట్టేస్తుంది."

నిజంగానే తెర మీద పుట్టి ఇసుకలో చిక్కింది. యువకులు దిగి తోస్తున్నారు. ఆ మాట చెబితే తృప్తిగా తల ఆడించాడు. నోటితో సన్నగా ఏదో సవ్వడి చేయసాగాడు, పెదవుల మధ్యనుంచి ఒకటి, గొంతులోనుంచి ఒకటి. చాటలో గింజలు, రాతికి తగిలే నీరు. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్టు మీద, చింతచెట్టుకి ఇవతల, తాటాకు కొంప ఉంటదండి. మాది. కనపడిందా?"

చింతచెట్టు అంచు తెర చివర మెరిసింది. అంతలో దృశ్యం మారి, మరొక రేవు వచ్చింది. ఉన్నదని ఒక్క మాట అంటే ఆయనకు తెలిసేది కాదు. కోటమ్మ నా వైపు చూస్తున్నది, అనమన్నట్టుగానే. కాని ఇందాకే ఒక అబద్ధపు నీటిని విని లేచిపోబోయిన మనిషి ఆయన.

"కెమెరా అటు తిరగలేదు పెద్దాయనా" అన్నాను.

"పోన్లెండి. తిరగకపోతే కొంప అక్కడే ఉన్నట్టు" అన్నాడు పుల్లయ్య.

ఆ సాయంత్రం నందిగామ ఆటలో మూడవ రేవు వచ్చినపుడు నేను గుండు, బీట, రావిమొక్క, ఇసుక, ఈ నాలుగు మాటలే చెప్పి ఊరుకున్నాను. ఉదయం రీలును డబ్బాలో పెట్టి పంపివేశాము. దానికోసం తరువాత రెండు పర్యాయాలు కార్యాలయానికి వ్రాశాను. ఆ ప్రింటు మా వైపు మళ్ళీ రాలేదు. ఉద్యోగ విరమణ దాకా వందల చిత్రాలకు కామెంటరీ చెప్పాను. ఏ ఊళ్ళోనైనా మైకు అందుకునేముందు, ఈ చోటు ఎరిగినవారు మీలో ఎవరైనా ఉన్నారా అని అడగడం ఆనాటినుంచి నాకు నియమమైంది. ఉన్నారంటే నేను పక్కకు జరిగి, వారికి చోటిచ్చేవాణ్ణి.