పులియోగరె గొజ్జుతో గ్రీసు సైట్ విజిట్

మొన్న ఆదివారం పొద్దున పదకొండు గంటలకు నేను గ్రీసు దేశంలో సముద్రంలో పడిపోయినాను. పదకొండున్నరకు బెంగుళూరు అంచున జిగణికి పోయే క్యాబులో ఉండాను. మధ్యలో ఏం జరిగిందో చెప్తాను గానీ, ఆ టీ కప్పు కింద పెట్టి వినండప్పా, ఒలికిపోతాది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని. ఒక్క మాట ఎక్కువ ఉండదు.

మాది బెంగుళూరు బళేపేట. మా ఆయనకు అక్కడ బేరింగులు, బోల్టులు, గ్రీసు డబ్బాలు అమ్మే అంగడి. పీణ్య ఫ్యాక్టరీల్లో తిరిగే చక్రాల్లో ముక్కాలు వంతు మా గ్రీసు మీదే తిరుగుతాయి. మేం ఒక్క దినం అంగడి మూస్తే దేశంలో మిషన్లన్నీ కీచుమంటాయి. అంగడి మీద మా ఇల్లు. మా ఇంటి మీద మా తోడికోడలు సరోజ ఇల్లు. నా నెత్తి మీద సరోజ.

ఈ సరోజ పదకొండేండ్ల కిందట ఐదు దినాలు సింగపూరు పోయి వచ్చింది. ఆ ఐదు దినాల గురించి ఇప్పటికి లక్షా ఇరవై వేల సార్లు చెప్పింది. మేం కాఫీ తాగితే సింగపూరు కాఫీ గురించి. వాన వస్తే సింగపూరు వాన గురించి. హారతి కళ్లకద్దుకుంటా కూడా, "సింగపూర్లో గుడి ఎంత నీటుగా ఉంటాదో తెలుసా అక్కా!" అంటాది. అంతా అయినాక మూతి కొంచెం పక్కకు పెట్టి, "పాపం మా అక్క, మెజెస్టిక్ బస్టాండు దాటి ఎక్కడ పోయింది!" అంటాది. ఆ మాట మొదట విన్న వారమే నేను పాస్‌పోర్టు చేయించుకున్నాను. ఒక్క స్టాంపు కూడా పడకుండానే దానికి వయసైపోయింది. పోయిన ఏడు మళ్లీ కొత్తది చేయించినాను.

ఆ ఆదివారానికి ముందు బుధవారం మధ్యాహ్నం నేనూ సరోజా కూర్చోని అవరెకాయలు, అదే అనపకాయలు, ఒలుస్తా ఉండాం. ఫోను మోగింది.

"హలో మేడమ్, నా పేరు శ్వేత. గ్రీస్‌లో ప్రాపర్టీ ఇన్వెస్ట్‌మెంట్ మీద మీకేమైనా ఇంట్రెస్ట్ ఉందా?"

ఇట్లాంటి ఫోన్లు రోజుకు రెండు వందలు వస్తాయి, మామూలుగా అయితే కట్ చేసేస్తాను. కానీ ఎదురుగా సరోజ ఉండాది కదా! స్పీకరు నొక్కి, మూడు వీధులకు వినబడేట్టు అడిగినాను: "ఎక్కడమ్మా, గ్రీసులోనా ఇల్లు?"

లోపల పేపరు చదువుకుంటా ఉన్న మా ఆయన తల ఎత్తినాడు. "గ్రీసులో ఇల్లెట్ల కడతారే? దాంట్లో చేయి పెడితేనే మూడు దినాలు జిడ్డు పోదు."

"మీ డబ్బా గ్రీసు కాదండీ! దేశం గ్రీసు!" అని ఆయన నోరు మూసి, ఫోన్లోకి తిరిగినాను. "సైటు ఎంతమ్మా? థర్టీ ఫార్టీయా, ఫార్టీ సిక్స్‌టీయా?"

మీకు తెలుసు కదా, బెంగుళూరులో స్థలాన్ని సైటంటాం. దేవుడు భూమిని పుట్టించేటప్పుడే ముప్పై నలభై సైట్లుగా కోసి పెట్టినాడని మా నమ్మకం.

"సైట్ కాదు మేడమ్, విల్లా. సీ ఫేసింగ్."

"సీ సరే, ఈస్ట్ ఫేసింగా? మాకు ఈస్టే కావల్ల. మరి వీసా?"

"ఇల్లు కొంటే గోల్డెన్ వీసా వస్తుంది మేడమ్, హోల్ ఫ్యామిలీకి."

"బంగారుదా! ఎన్ని గ్రాములు? హాల్‌మార్కు ఉంటాదా?"

ఆ పిల్ల దగ్గు వచ్చినట్టు నవ్వింది. "సండే సైట్ విజిట్ పెట్టాం మేడమ్. హోటల్ అడ్రస్ పంపిస్తాను, టెన్ థర్టీకి వచ్చేయండి. లంచ్ కూడా మాదే."

సైట్ విజిట్! ఆ ఒక్క మాట చాలదా నాకు? మా ఊర్లో సైట్ విజిట్ అంటే ఏమి? లేఔటు వాళ్లు బస్సు పంపిస్తారు. ఎక్కించుకుంటారు. దావలో మజ్జిగ ఇస్తారు. రంగు జెండాలు పాతిన బయల్లో దించి, "ఇక్కడ స్విమ్మింగ్ పూలు, అక్కడ క్లబ్ హౌసు" అని గడ్డిని చూపిస్తారు. కడుపునిండా ఊట పెట్టి సాయంత్రానికి ఇంటి దగ్గర దింపుతారు. నేను ఇట్లా దేవనహళ్లి, హొసకోటె, ఆనేకల్ అన్నీ చూసినాను. నాలుగు వందల సైట్ విజిట్లకు పోయినాను, ఒక్క సైటూ కొనలేదు. వాళ్లు ఫ్రీగా తిప్పుతారు, మనం ఫ్రీగా తిరుగుతాం, అంతే. మరి సైటు గ్రీసులో ఉంటే? బస్సుకు బదులు విమానం. లెక్క సరిపోయిందా లేదా?

అయినా నేను జాగ్రత్త మనిషిని. గట్టిగా అడిగినాను: "హోటలు నుంచి అక్కడికి ఎట్ల పోవల్ల?"

"అదంతా మాకు వదిలేయండి మేడమ్. మీరు జస్ట్ కూర్చుంటే చాలు, మేమే తీసుకెళ్తాం."

"పాస్‌పోర్టు తేవల్లనా?"

"ఏదో ఒక ఐడీ ప్రూఫ్ ఉంటే చాలు మేడమ్."

చూసినారా, ఎంత మంచి కంపెనీ!

ఫోను పెట్టేసి చూస్తే, సరోజ చేతిలో అవరెకాయ చేతిలోనే ఉండాది. పదకొండేండ్లలో మొదటిసారి ఆ మనిషికి సింగపూరు గుర్తుకు రాలేదు.

"నిజంగానే పోతావా అక్కా?"

"ఏం చేసేది సరోజా, పిలుస్తా ఉండారు," అన్నాను, బేజారైనట్టు మొహం పెట్టి.

మా ఆయన మాత్రం మెల్లగా, "ఏమే, ఇంకొకసారి ఫోన్ చేసి సరిగ్గా కనుక్కో," అన్నాడు. సరోజ ముందర ఫోన్ చేసి కనుక్కునేదా? అనుమానం వచ్చిందని తెలిస్తే నా మర్యాద ఏం కావల్ల? మా మనవరాలు దివ్యను అడగమన్నాడు. దివ్య జిగణిలో ఒక లూబ్రికెంట్ ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తాది, అక్కడే ఒక్కతే ఫ్లాటు తీసుకోని ఉండాది. దానికీ చెప్పలేదు. గ్రీసు నుంచే ఫోన్ చేసి సర్‌ప్రైజ్ ఇద్దామని.

ఇంక ఆదివారం పొద్దున చూడల్ల! బళేపేటంతా మా వాకిట్లోనే. పూలామె నాకు మూర కొలవకుండా పూలు పెట్టింది. గాజులంగడి ఆయన టెంకాయ కొట్టినాడు. పక్కింటామె కుంకుమ పెట్టి, "అమ్మా, అక్కడ నుంచి ఏమన్నా ఒక గుర్తు తెచ్చి పెట్టండి," అనింది. దాంతో ఇంకొక ముప్పై మంది అదే మాట. నేను అందరికీ, "గ్రీసు చూసొస్తానప్పా, మీకు తెస్తానప్పా," అని ఎలక్షన్‌లో నిలబడినట్టు చేతులెత్తి చెప్పినాను. సూట్‌కేసులో రెండు స్వెటర్లు, చట్నీ పొడి, నిప్పట్లు, ఐదు కేజీల డబ్బా నిండా పులిహోర కలుపుకునే పులియోగరె గొజ్జు. గ్రీసులో అన్నం ఎక్కడైనా దొరుకుతాది, గొజ్జు ఎవరిస్తారు?

ఆటో ఎక్కేటప్పుడు సరోజ వంగి, నవ్వుతా చెవిలో చెప్పింది. "ఫోటో పంపక్కా. ఒక్క ఫోటో చాలు."

ఆ నవ్వు చూసినప్పుడే నాకు తెలిసింది. ఈ ఫోటో రాకపోతే ఇంక నేను బతికినన్నాళ్లూ మెజెస్టిక్ దాటనట్టే.

హోటలు పాలరాతి నేల మీద నా సూట్‌కేసు చక్రాలు గడగడమంటా ఉంటే అందరూ తిరిగి చూసినారు. చక్రాలకు గ్రీసు వేసుకునేది మర్చిపోయినాను, గ్రీసు అమ్మే ఇంట్లో ఉండి! కోటు వేసుకున్న ఒక పిల్ల పరిగెత్తుకోని వచ్చింది. అదే శ్వేత.

"వెల్‌కమ్ ఆంటీ! బయట ఊరి నుంచి వస్తున్నారా?"

"లేదమ్మా, బయట ఊరికి పోతా ఉండాను," అన్నాను. జోకు అనుకోని నవ్వింది. నేనూ నవ్వినాను. ఇద్దరం వేరే వేరే దానికి నవ్వినాం.

హాలు మధ్యలో ఒక పెద్ద టేబుల్ మీద గ్రీసు బొమ్మ కట్టి పెట్టినారు. బెల్లం అచ్చులంత తెల్లతెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు, కింద గాజు సముద్రం. దాని పక్కనే నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, "సైట్ విజిట్ స్టార్ట్ చేద్దామా ఆంటీ?" అనింది. విమానంలో బెల్టు ఎట్ల పెట్టుకునేదో ముందే నేర్పిస్తారేమో అనుకున్నాను. సూట్‌కేసు కాళ్ల దగ్గర పెట్టుకోని, గొజ్జు డబ్బా భద్రంగా ఒళ్లో పెట్టుకున్నాను.

శ్వేత "వీఆర్ హెడ్‌సెట్ ఆంటీ" అంటా నా కళ్లకు ఏదో తగిలించింది. వెల్డింగు చేసేవాళ్లు పెట్టుకునే ముసుగు మాదిరిగా ఉండాది, బరువు ఒక పది కేజీలు. అంతే!

అప్పా, ఏం చెప్పేది! నేను గ్రీసులో ఉండాను. విమానం లేదు, ఏమీ లేదు. తల తిప్పితే తెల్లటి ఇల్లు. ఇంకొక పక్క తిప్పితే సముద్రం. అంత నీలం నేను బట్టల సోపు యాడ్‌లో కూడా చూడలేదు.

"ఇది కిచెన్ ఆంటీ," అని ఎక్కడి నుంచో శ్వేత గొంతు.

"గ్రైండరు ఎక్కడ పెట్టేది? గిన్నెలు తోమేదానికి బయట తొట్టి ఏది? దేవుడి రూము ఏది?"

"కస్టమైజ్ చేసుకోవచ్చు ఆంటీ. అటు తిరగండి, అది బాల్కనీ."

బాల్కనీ అంటే చూడకుండా ఉంటామా? గొజ్జు డబ్బా చంకలో పెట్టుకోని లేచి నిలబడినాను. "ఆంటీ, లేవకండి, లేవకండి!" అని శ్వేత అరుస్తా ఉండాది. నేను వింటానా! రెండడుగులు వేసి కిందికి చూసినాను. పిట్టగోడ మోకాలంత కూడా లేదు. కింద వెయ్యి అడుగుల లోతున సముద్రం. తల గిర్రున తిరిగింది. "అయ్యో, పడిపోతా ఉండాను, పట్టుకోండప్పా!" అని పట్టుకునేదానికి చేయి చాపితే ఏదో మెత్తగా దొరికింది. లాగినాను. అది నన్ను ఆపేదానికి వచ్చిన వాళ్ల మేనేజరు టై. నా కాళ్లకు నా సూట్‌కేసే అడ్డం వచ్చింది. కింద మేనేజరు, ఆయన మీద నేను, మా ఇద్దరి కంటే ముందు మూత ఊడి టేబుల్ మీదికి గొజ్జు డబ్బా. ధబేల్!

ముసుగు తీసి చూస్తే హోటలే. నాకేం దెబ్బ తగల్లేదు, మేనేజరు కింద తివాచీ మందంగా ఉండాది, ఆయన మీద నేను మెత్తగా... సరే, వదిలేయండి. దెబ్బ తగిలింది గ్రీసుకు. టేబుల్ మీద తెల్లటి ఇళ్లన్నీ పులియోగరె రంగుకు తిరిగినాయి. నీలం గుమ్మటాల మీద నుంచి గొజ్జు కారుతా ఉండాది. ఒక దీవి అయితే మొత్తం మునిగిపోయింది. హాలంతా చింతపండూ ఇంగువా వాసన.

"పర్వాలేదు ఆంటీ," అనింది శ్వేత, టిష్యూతో గుమ్మటం తుడుస్తా. "సైట్ విజిట్ అయిపోయింది. లంచ్ అటు పక్క."

"అయిపోయిందా? మరి విమానం ఎన్ని గంటలకు?"

"ఏ విమానం ఆంటీ?"

ఆ పిల్ల మొహం చూసినాను. నా సూట్‌కేసు చూసుకున్నాను. అన్నీ ఒక్కసారిగా అర్థమైనాయి. బళేపేట, టెంకాయ, పూలు, సరోజ నవ్వు! ఆ దినం ఆ హాల్లో ఒక్క విల్లా కూడా అమ్ముడుపోలేదు గానీ, నా గొజ్జు వాసన చూసి పదిహేను మంది నా నంబరు తీసుకున్నారు. ఆ సంతోషం ఏం చేసుకునేది? ఇంటికి ఏ మొహం పెట్టుకోని పోవల్ల?

అప్పుడు కనిపించింది, గోడ నిండా సముద్రం బొమ్మ అతికించిన పెద్ద బ్యానరు. దాని ముందర నిలబడి, చలువ కళ్లద్దాలు ఒకరి దగ్గర బదులు తీసుకోని, శ్వేత చేత ఒక ఫోటో తీయించుకున్నాను. సరోజకు పంపినాను: "చేరినాను. గాలి బాగుండాది."

నేరుగా జిగణికి, దివ్య ఫ్లాటుకు. అది తలుపు తీసి, సూట్‌కేసు చూసి, గొజ్జు మరకలు చూసి, "అవ్వా, తాతతో గలాటానా?" అనింది. విషయం చెప్తే సోఫా మీద పడి నవ్వింది. గంటన్నర నవ్వింది. ఆమీద మేం వేసిన ప్లాను ఇది: ఆరు దినాలు ఇక్కడే దాక్కునేది. సింగపూరు ఐదు దినాలు కదా, దానికంటే ఒకటి జాస్తి. ఆదివారం సాయంత్రమే సరోజకు మొదటి వాయిస్ మెసేజి పంపినాను. కుక్కరు విజిల్ వేసినప్పుడు, "ఆ చప్పుడా సరోజా? షిప్పు పోతా ఉండాది," అని.

మంగళవారం మధ్యాహ్నం బెల్లు మోగింది. తీస్తే సరోజ. చేతిలో టిఫిన్ క్యారియరు.

"గ్రీసు ఎంత దగ్గరైపోయిందక్కా! మెట్రో దిగి ఒక ఆటో, అంతే."

సరోజ లోపలికి వచ్చి, కూర్చోని, మంచినీళ్లు తాగి, ఫోను తీసి నేను పంపిన ఫోటో పెద్దది చేసి చూపించింది. నా వెనకాల నీలం సముద్రం. సముద్రం అంచున ఒక బాణం గుర్తు. దాని మీద కన్నడలో 'శౌచాలయ'.

"గ్రీసు వాళ్లకు కన్నడ మీద ఎంత అభిమానమక్కా! సింగపూర్లో కూడా ఇట్లా రాయలేదు! మరి బెంగుళూరులో దాక్కునేదానికి నీకు దివ్య ఇల్లు కాక ఇంకేముందని నేరుగా ఇక్కడికే వచ్చినాను."

ఇంక దాచేదేముంది? అంతా చెప్పినాను. సముద్రం, టై, గొజ్జు, అన్నీ. ఇద్దరం నవ్వి నవ్వి దివ్య కుర్చీ ఒకటి విరిచినాం. కళ్లు తుడుచుకోని సరోజ అనింది, "నేను ఎవరికీ చెప్పనక్కా. ఒకే ఒక కండిషను. ఇంకమీద నేను సింగపూరు గురించి చెప్పేటప్పుడు లేచి పోకూడదు. ప్రతిసారీ 'అవునా సరోజా!' అనల్ల."

ఇంతకంటే జైలు నయం. కానీ ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రమే ఇద్దరం బళేపేటలో దిగినాం. వాకిట్లో మళ్లీ జనం. "ఇంత తొందరగా వచ్చేసినారే! ఏం తెచ్చినారమ్మా గ్రీసు నుంచి?" నేను సూట్‌కేసు తాళంచెవి వెతుకుతా ఉండాను. సరోజ ముందుకు వచ్చి, దివ్య ఫ్లాటులో నుంచి తెచ్చిన ఫ్యాక్టరీ డబ్బా ఒకటి సంచీలో నుంచి తీసి అరుగు మీద ఠంగుమని పెట్టింది. ఐదు కేజీల గ్రీసు.

"మా అక్క ఎక్కడ అబద్ధం చెప్పింది? గ్రీసు చూసొస్తాననింది, చూసొచ్చింది. తెస్తాననింది, తెచ్చింది!"

గాజులంగడి ఆయన వేలితో తీసి వాసన చూసినాడు. మా ఆయన అంగడి లోపలి నుంచి, "తీసుకోండి, తీసుకోండి, తలా ఒక స్పూను," అన్నాడు. ఆ నవ్వులు మెజెస్టిక్ దాకా వినబడి ఉంటాయి. ఇప్పుడు మా వీధిలో నా పేరు గ్రీసవ్వ.

అంతా బాగానే ఉండాది గానీ, ఇచ్చిన మాటకు రోజూ సాయంత్రం "అవునా సరోజా!" అనేదానికే ప్రాణం పోతా ఉండాది. ఐదు దినాల సింగపూరు మొన్న ఏడు దినాలైంది. నిన్న తొమ్మిదైంది. అంత పెంచి చెప్తే ఎట్లప్పా? ఉన్నది ఉన్నట్టు చెప్పనివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట!