రెక్కల మీద కాగితం

అక్క పోయిన రోజు వచ్చినవాళ్లంతా, ఆమె కన్ను ఎన్నడూ తప్పలేదన్నారు. ఒకసారి తప్పింది. ఆమె తమ్ముణ్ణి, అది బయటపడిన రోజు పక్కనే ఉన్నాను.

నక్షత్రాల కోసం కట్టిన పెద్ద టెలిస్కోపుతో ఉపగ్రహాలను ఫొటోలు తీయడం అక్క పని. పొద్దుగుంకి నేల చీకటిపడినా, పైన ఇంకా ఎండ తగిలే కాసేపే అవి చక్కగా కనిపిస్తాయి. మధ్యలో గాలి, కాగే నీళ్లలా కదులుతూ బొమ్మను చెదరగొడుతుంది. అందుకే నాలుగు నిమిషాల్లో వేల ఫొటోలు తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో పడినవాటిని ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చేది. మిగతాదంతా తాలు అనేది.

ఆ వారం కొత్త ఉపగ్రహం ఒకటి పైకి వెళ్లి మూగబోయింది. ఎండను కరెంటుగా మార్చే దాని రెండు రెక్కలూ విచ్చుకున్నాయో లేదో చెప్పమని దాని తాలూకు వాళ్లు అడిగారు. విచ్చుకున్నాయని అక్క రాసిచ్చింది. అలాగైతే లోపం రేడియోలోనే ఉందని వాళ్లు ఆ పనిలో పడ్డారు.

మర్నాడు పొద్దున క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను.

“ఇన్ని వేలల్లో మంచివేవో ఎలా తెలుస్తుందక్కా?”

“నీకు తప్ప అందరికీ తెలుస్తుందిరా. రెండు రెక్కలూ స్పష్టంగా ఉన్నవే...”

అక్క కంప్యూటరు తెర వైపు తిరిగింది. చూడాలనుకున్నదాన్నే, గాలి చెదరగొట్టి రెండో రెక్కలా చూపినవాటినే ఏరుకుంది.

తెరమీద రెక్కలుండే రెండు వైపులా కాగితం ముక్కలు అంటించి, నడుమనున్న ఉపగ్రహం పెట్టెను మాత్రమే చూస్తూ మధ్యాహ్నం దాకా మళ్లీ ఏరింది. పేర్చి, కాగితాలు తీస్తే ఒకటే రెక్క.

“తప్పు రాశాను సార్,” అంది తన ఆఫీసు పెద్దాయనతో.

“ఇప్పుడా? ఇక మన మాట ఎవరు నమ్ముతారమ్మా?”

“నమ్మకపోతే పోనివ్వండి. ఒక్క రెక్కతో సాయంత్రానికి దాని బ్యాటరీ అయిపోతుంది.”

ఆయన ఫోను ఆమె వైపు జరిపాడు. అవతలి గొంతు నాకూ వినిపించింది: “నిన్న రెండన్నారు, ఇవాళ ఒకటంటున్నారు. రేపు అసలు ఉపగ్రహమే లేదంటారా?”

అక్క తను ఎలా పొరపడిందో, మళ్లీ ఎలా ఏరిందో వరసగా చెప్పింది. “కరెంటు చాలక పలకట్లేదు గాని, అది వింటూ ఉండొచ్చు. విచ్చుకున్న రెక్కను ఎండకు తిప్పమని ఆదేశం పంపండి. మిగతా తిట్లు రేపు తిడుదురు గాని.”

రెండు గంటల తర్వాత వాళ్లే ఫోను చేశారు. రెక్క తిరిగిందట. ఉపగ్రహం సన్నగా పలికిందట. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

అక్క లేచి, బీరువాలోంచి ఆరేళ్లుగా తను రాసిన పాత రిపోర్టులన్నీ దింపింది.

“వీటిని కూడా అలాగే ఏరాను కదరా,” అంది.